అరికాళ్ళ మంటలకి నరాలు జరిపే ఫిజియోథెరపీ: తిరుపతిలో 12 సిట్టింగులు చేయించుకున్న ఒక టైలరు మాట

ముందే చెప్పేస్తున్నా, షుగర్ వల్ల కాళ్ళలో పోయిన స్పర్శ తిరిగి రాలేదు. మంట సగానికి తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది, పిక్కలు పట్టేసినట్టు ఉండేది వదిలింది. అంతే. ఇంతకంటే ఎక్కువ ఆశపెట్టుకుని డబ్బు కట్టబోయేవాళ్ళు ఇక్కడే ఒకసారి ఆగి ఆలోచించుకోండి. ఇంతైనా చాలు అనుకునేవాళ్ళు మిగతాది చదవండి. కొంచెం పొడుగే రాస్తున్నా, ఎందుకంటే నేను వెతికినప్పుడు నాకు దొరికినవన్నీ 'పది రోజుల్లో నరాల బలహీనత మాయం' రకం వీడియోలే.

నాకు 54 ఏళ్ళు. గాంధీ రోడ్డు దగ్గర ఒక సందులో టైలరింగ్ అంగడి, 30 ఏళ్ళుగా అదే కుర్చీ, అదే మిషను. షుగర్ వచ్చి 13 ఏళ్ళు. మొదటి పదేళ్ళు మాత్ర వేసుకుంటున్నాం కదా అని ధీమా. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి రెండింటి దాకా కుట్టడం, మధ్య మధ్యలో టీ, బన్ను. తెలిసినవాళ్ళు కొండకి పోయొచ్చి లడ్డూ చేతిలో పెడితే ప్రసాదం వద్దనలేం, అలాగని చిటికెడుతో ఆగిందీ లేదు. తిరుపతిలో షుగర్ ఉన్నవాడి కష్టం బయటి ఊళ్ళవాళ్ళకి తెలీదు, వారానికి ఒక చుట్టమైనా దర్శనానికి దిగుతాడు.

మొదట కాలి వేళ్ళ కొసల్లో తిమ్మిరి. తర్వాత అది సాక్సు తొడిగినట్టు మెల్లగా పైకి పాకింది, రెండు కాళ్ళకీ ఒకే లెక్కన. రాత్రయితే మంట. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక, లేచి వంటింట్లో చల్లటి బండల మీద పాదాలు ఆనించుకుని కూర్చునేవాణ్ణి. విచిత్రం ఏంటంటే, అంతలా మండే కాలికే ఏది తగిలినా తెలీదు. ఒకరోజు అంగడి మూసి నడిచొస్తుంటే వెనక నుంచి ఎవరో పిల్లోడు "అన్నా, చెప్పు, చెప్పు" అని అరిచాడు. ఏం చెప్పమంటాడో అనుకుని తిరిగి చూస్తే నా ఎడమ చెప్పు పది అడుగుల వెనక పడి ఉంది, నేను ఒంటి చెప్పుతో నడుస్తున్నా.

దానికి నవ్వేసి ఊరుకున్నా. గుండుసూది సంగతికి మాత్రం నవ్వు రాలేదు. బ్లౌజు పీసులకి గుచ్చే గుండుసూదులు మా అంగట్లో నేల మీద ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి, మేం కుర్రాడి చేత అయస్కాంతంతో ఏరిస్తాం. ఆ రాత్రి ఇంట్లో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తుంటే మా ఆవిడ "ఏమయ్యా, మడమలో ఆ మెరుపేంది" అంది. గుండుసూది. తల దాకా దిగబడి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలీదు. దాంతోనే మిషను తొక్కి ఉంటా, దాంతోనే ఇంటికి నడిచొచ్చా. పీకితే ఒక చుక్క రక్తం వచ్చింది, నొప్పి మాత్రం రాలేదు. నొప్పి రానందుకు అంత భయం వేస్తుందని అప్పటిదాకా నాకు తెలీదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి పోయా. మూడు నెలల షుగర్ సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 ఉంది. బీ12 కూడా బాగా తక్కువ ఉంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బీ12 పడిపోవచ్చట, అది పడిపోతే అచ్చం ఇలాంటి తిమ్మిర్లే వస్తాయట. షుగర్ మాత్రలు మార్చారు, బీ12 ఇంజెక్షన్లు రాశారు, మంటకి రాత్రిపూట వేసుకునే ప్రీగాబాలిన్ ఇచ్చారు, ఫిజియోథెరపీకి కూడా పొమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు. తప్పంతా అక్కడే మొదలైంది, అదీ నాదే.

రెండు చోట్లకి పోయా. రెండింటి పేర్లూ రాయను, ఒకరిది రాసి ఒకరిది దాస్తే బాగుండదు. పేరు కంటే లోపల ఏం జరుగుతుందో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

మొదటి చోట ఏసీ, పెద్ద బోర్డు, గోడ నిండా నరాల బొమ్మలు. 15 సిట్టింగులకి ముందే 6,000 కట్టించుకున్నారు. నా పాదాలు ఎవరూ చూడలేదు, నిజంగా అంటున్నా, సాక్సు కూడా విప్పమనలేదు. షుగర్ నరాలా, సరే, పడుకోండి. కరెంటు ప్యాడ్లు పెట్టి జిలజిలలాడించే మిషను 15 నిమిషాలు, తర్వాత పాదాలకి వేడి ప్యాకు 15 నిమిషాలు. ప్యాకు పెట్టిన అబ్బాయి "వేడి ఎక్కువైతే చెప్పండి అంకుల్" అని బయటికి పోయాడు. వేడి తెలిస్తే నేను అక్కడికి ఎందుకు వస్తాను? నాలుగో రోజు ఇంటికొచ్చి చూసుకుంటే కుడి పాదం మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. మానడానికి మూడు వారాలు పట్టింది, షుగర్ కాలు కదా, ఆ మూడు వారాలూ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. మిగిలిన 11 సిట్టింగుల డబ్బు అడిగితే ప్యాకేజీకి రీఫండ్ లేదన్నారు. డబ్బు పోతే పోయింది. స్పర్శ లేని పాదానికి వేడి ప్యాకు, మైనపు స్నానం, వేడినీళ్ళ తొట్టి ఇవేవీ పెట్టనివ్వకండి, పెట్టేవాడు ఎంత చదువుకున్నవాడైనా సరే.

ఆ బొబ్బ మానేలోపు సలహాలు ఊరంతా వచ్చాయి. ఒకాయన పుత్తూరు పొమ్మన్నాడు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి కదా, షుగర్ నరానికి కట్టు ఎక్కడ కడతారు స్వామీ? ఇంకొకాయన ముళ్ళు ముళ్ళుగా ఉండే ఆక్యుప్రెషర్ చెప్పులు కొనిచ్చాడు, పాపం మంచి మనసుతోనే. గుండుసూదే తెలియని కాలికి ఆ ముళ్ళు ఏం చేస్తాయో నాకైనా తెలియాలి కదా. అటక మీద పెట్టా. మా తమ్ముడి కొడుకు ఒక వీడియో పంపాడు, గోడకి కాలు ఆనించి, మడమ పైకి తన్ని పెట్టి, 30 సెకన్లు బిగబట్టమని. బిగబట్టా. ఆ రాత్రి మంట రెండింతలైంది. అది ఎందుకైందో తర్వాత రెండో చోట తెలిసింది.

ఆ రెండో చోటు ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు, మేడ మీద, రెండే బల్లలు, ఏసీ లేదు. మా కస్టమరు ఒకామె చెబితే పోయా. ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ చదివిన అమ్మాయి, మా పెద్ద కూతురి వయసు ఉంటుంది. మొదటి రోజు కరెంటు ప్యాడ్లు లేవు, మిషను లేదు, 50 నిమిషాలు పరీక్షలే. ముందు రిపోర్టులన్నీ చూసింది. తర్వాత కింద స్టూలు వేసుకుని కూర్చుని నా పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని వేళ్ళ సందులు కూడా విప్పి చూసింది. కూతురి వయసు పిల్ల అలా పాదాలు పట్టుకుంటే సిగ్గనిపించి వెనక్కి లాక్కోబోయా. "అంకుల్, నా పనే ఇది, కదలకండి" అంది.

పరీక్షల గురించి కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే మీరు పోయిన చోట ఇవి చేస్తున్నారా లేదా అన్నదే అసలు సంగతి. ఒక ప్లాస్టిక్ పిడికి నైలాన్ పోగు బిగించి ఉంటుంది, మోనోఫిలమెంట్ అంటారు. మా వృత్తిలో నైలాన్ దారం కొత్త కాదు కాబట్టి చేతిలోకి తీసుకుని చూశా. సరిగ్గా 10 గ్రాముల బరువు పడగానే వంగేలా చేస్తారట. నన్ను కళ్ళు మూసుకోమని ఒక్కో పాదంలో పది చోట్ల దాన్ని ఆనించింది, తగిలినప్పుడల్లా చెప్పాలి. చాలా చోట్ల తగిలిందని నేను చెబుతూనే ఉన్నా, అబద్ధం కాదు, తగిలినట్టే ఉంది. కళ్ళు తెరిచాక లెక్క చూపించింది: కుడి పాదంలో పదికి 4, ఎడమలో 5. మిగతావి నేను ఊరికే అనేసినవి, ఆ అమ్మాయి ఆనించనప్పుడు కూడా తగిలిందన్నానట! తర్వాత 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టింది, అదురు అసలు తెలీలేదు, చీలమండ దగ్గర కొద్దిగా తెలిసింది. చిన్న సుత్తితో మడమ వెనక కొట్టింది, పాదం ఎగరలేదు. పడుకోబెట్టి, లేపి, రెండుసార్లు బీపీ చూసింది, ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్ళు ఉంటారట.

చివరిది నాకు భలే నచ్చింది. బల్ల అంచున కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమని, నడుము కూలబడేసి, గడ్డం రొమ్ముకి ఆనించమంది. ఇప్పుడు మోకాలు చాపి పాదం మీ వైపు లాగండి అంది. పిక్క వెనక నుంచి అరికాలి దాకా ఎవరో తీగ పట్టి గుంజినట్టు లాగింది. అలాగే ఉంచి తల ఒక్కటే పైకెత్తమంది. ఎత్తా. పిక్కలో లాగుడు టక్కున తగ్గింది! కాలు కదల్లేదు, మోకాలు కదల్లేదు, తల ఎత్తితే పిక్క వదిలింది. "కండ పట్టేసుంటే తల ఎత్తినందుకు తగ్గదు అంకుల్. మెదడు నుంచి అరికాలి దాకా అంతా ఒకే తీగ" అంది. ఇంటికి పోయి మా ఆవిడ చేత కూడా చేయించా, ఆమెకి షుగర్ లేదు, ఆమెకీ కొంచెం లాగింది, తల ఎత్తితే తగ్గింది. అందరికీ అంతేనట, ఎంత త్వరగా, ఎంత గట్టిగా లాగుతుందన్నదే తేడా.

నరాలు జరపడం అంటే ఏంటో ఆ అమ్మాయి కరెంటు వైరు, పైన గొట్టం అని చెప్పబోయింది. నాకు బొందు గుర్తొచ్చింది. లంగాకి బొందు ఎక్కిస్తాం కదా, మెత్తటి గుడ్డలో బొందు అటు లాగితే అటు, ఇటు లాగితే ఇటు జారుతుంది. గంజి పెట్టి, తడిసి, ఎండి బిరుసెక్కిన గుడ్డలో అదే బొందు ఇరుక్కుంటుంది. రెండు కొసలూ పట్టుకుని ఒకేసారి గుంజామనుకోండి, బొందు సాగుతుంది, కుట్టు పిగులుతుంది, బొందు మాత్రం జరగదు. ఒక కొస లాగుతూ రెండో కొస వదలాలి, మళ్ళీ ఇటు లాగుతూ అటు వదలాలి, అప్పుడు మెల్లగా కదులుతుంది. ఇది చెబితే ఆ అమ్మాయి నవ్వి, "వాళ్ళకి కూడా ఇకనుంచి ఇదే చెబుతా" అని పక్క బల్ల వైపు చూపించింది. వీడియో చూసి నేను చేసింది ఆ రెండు కొసలూ గుంజడమే. అలా సాగదీసే పద్ధతి కూడా ఉందట, కానీ దెబ్బతిన్న షుగర్ నరానికి మొదట్లోనే అది కాదు. నరాన్ని మరీ సాగదీస్తే దాని లోపలి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి, అసలే రక్తం అందక ఏడుస్తున్న నరం అది.

షుగర్‌కీ, నరం ఇరుక్కోవడానికీ సంబంధం ఏంటని అడిగా. ఏళ్ళ తరబడి రక్తంలో షుగర్ ఎక్కువుంటే అది ఒంట్లోని పీచులాంటి కణజాలానికి అంటుకుని బిరుసెక్కిస్తుంది, నరం పైన ఉండే తొడుగుకి కూడా. నరంలోకి నీరు చేరి అది ఉబ్బుతుంది కూడా. చీలమండ లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉండే ఎముక వెనక ఒక ఇరుకు దారి ఉంది, అరికాలికి పోయే టిబియల్ నరం అందులోంచే దిగాలి. షుగర్ న్యూరోపతీ, అంటే షుగర్ వల్ల నరాలు పాడవడం, ఉన్నవాళ్ళకి అల్ట్రాసౌండ్ తీస్తే అక్కడ ఆ నరం మామూలు కంటే లావుగా కనిపిస్తుంది. లావెక్కిన బొందు, బిగుసుకున్న నేఫా (బొందు దూరే మడత), అంతే కథ. కాకపోతే ఆ అమ్మాయి వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది, దానికి నేను మార్కులు వేస్తా: ఇరుకు ఒక భాగమే, అసలు జబ్బు నరం లోపల షుగర్ చేసిన పాడు, దాన్ని చేత్తో జరిపి బాగుచేయలేం, చచ్చిన నరాల కొసలు దీంతో మొలవవు. ఆస్ట్రేలియాలో ఎల్వీ, బట్లర్, షాక్‌లాక్ లాంటి ఫిజియోలు ఈ పద్ధతిని పెంచింది సయాటికా (నడుము నుంచి కాలికి పాకే నొప్పి), మెడ నుంచి చేతికి పాకే నొప్పుల్లాంటి వాటికి. షుగర్ కాళ్ళకి వాడటం ఆ తర్వాతది, దీని మీద జరిగినవి చిన్న చిన్న పరిశోధనలే. ఇవన్నీ డబ్బు కట్టకముందే చెప్పింది. ఆ మాటకే నేను కట్టా.

ఫీజు: మొదటి రోజు పరీక్షలకి 600, తర్వాత సిట్టింగుకి 400, ఏ రోజుది ఆ రోజే. వారానికి రెండుసార్లు, ఆరు వారాలు. ప్యాకేజీ ఉందా అని నేనే అడిగా, అలవాటు కొద్దీ, లేదంది.

సిట్టింగు ఎలా ఉంటుందంటే చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఒక చేత్తో మడమ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని కాలు పైకెత్తుతుంది. మోకాలు చాపేటప్పుడు పాదం వదులు చేస్తుంది, మోకాలు మడిచేటప్పుడు పాదం పైకి, కాస్త బయటికి తిప్పుతుంది. మళ్ళీ చాపు, వదులు, మడు, తిప్పు. ఊయల ఊపినట్టు. ఎక్కడా బిగబట్టదు. పదిసార్లు, ఒక నిమిషం విరామం, ఇంకో పది, ఇంకో పది. లాగినట్టు అనిపించే చోటుకి ఒక అంగుళం ముందే వెనక్కి వస్తుంది, ఆ అంచు ఆ అమ్మాయి చేతికి ఎలా తెలుస్తుందో గాని నేను చెప్పక ముందే తెలుస్తుంది. ఇది నాకు అర్థమయ్యే విద్య, జార్జెట్ గుడ్డ ఎంత లాగితే సూది కింద ముడత పడుతుందో నా వేళ్ళకీ అలాగే తెలుస్తుంది, ఎవరైనా అడిగితే చెప్పలేను. తర్వాత చీలమండ కీళ్ళు, పాదం చిన్న ఎముకలు మెల్లగా కదిలిస్తుంది. చివరి పది నిమిషాలు బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక పాదం వేళ్ళకి రెండో పాదం మడమ ఆనించి గీత మీద నడవడం. స్పర్శ పోయినవాళ్ళు చీకట్లో పడిపోయేది ఎక్కువట. అందుకే దీన్ని వదలనివ్వదు, నేను మొదటి వారం తాగినోడిలా ఊగా.

ఇంట్లో చేయడానికి ఒకటే ఇచ్చింది. కుర్చీలో కూర్చుని కాలు చాపుతూ పాదం పైకెత్తుతూ, అదే సమయంలో తల పైకెత్తి కప్పు చూడాలి. కాలు మడుస్తూ గడ్డం దించి ఒళ్ళోకి చూడాలి. పదేసి చొప్పున రోజుకి మూడుసార్లు. చేశాక మంట గంటకి మించి పెరిగితే ఆ రోజు ఆపేసి ఫోన్ చేయాలి. అంగట్లో మిషను ముందు కూర్చుని నేను ఇలా కాలూ తలా ఎగరేస్తుంటే కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఈయనకి ఏమైంది అన్నట్టు చూసేవాళ్ళు. ఇప్పుడు అలవాటైపోయారు, ఒకామె తన భర్తకి కూడా నేర్పించుకుపోయింది. అలా చూసి నేర్చుకోవద్దు అని చెప్పినా వినలేదు, అది వేరే సంగతి.

ఆరు వారాల తర్వాత లెక్కలు. రాత్రి మంట పదికి 8 ఉండేది 4కి వచ్చింది. ముందు రెండు వారాలు ఏ మార్పూ లేదు, మానేద్దామనుకున్నా. ఐదో సిట్టింగు తర్వాత ఒక రాత్రి పొద్దున దాకా ఒకే నిద్ర, లేచి చూస్తే దుప్పటి పాదాల మీదే ఉంది. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించాలి, బొటనవేలు గోడ నుంచి ఎంత దూరంలో పెట్టగలిగితే చీలమండ అంత వంగుతున్నట్టు. మొదటి రోజు అంగుళంన్నర, చివరి రోజు మూడు అంగుళాలు. కొలిచింది నా టేపుతోనే, నేనే కొలిచా, కాబట్టి ఈ లెక్కకి గ్యారంటీ. మోనోఫిలమెంట్ మాత్రం కుడి 5, ఎడమ 5. ఒక చుక్క పెరిగిందని నేను సంబరపడబోతే, అది లెక్కలోకి రాదు అంకుల్, ఇవాళ ఐదు రేపు నాలుగు కావచ్చు అంది. ట్యూనింగ్ ఫోర్కు బొటనవేలి మీద ఇప్పటికీ తెలీదు. మిషను పెడలు కూడా కాలికి తెలీదు, కిందికి చూసి కాలు పెడతా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఆరు వారాల్లోనే బీ12 ఇంజెక్షన్లు నడిచాయి, ప్రీగాబాలిన్ నడిచింది, రాత్రి అన్నం మానేసి సగం ముద్ద సంగటి, ఆకుకూర పప్పుకి దిగా, షుగర్ కూడా దిగుతూ వచ్చింది, తర్వాత తీయించిన హెచ్‌బీఏ1సీ 7.6. మంట తగ్గింది దేనివల్ల అంటే వేరుచేసి చెప్పడం నా వల్ల కాదు. పిక్క పట్టు వదలడం, చీలమండ వంగడం మాత్రం ఫిజియోదే అని గట్టిగా అనుకుంటా, ఎందుకంటే మాత్రలు అప్పటికే రెండు నెలలుగా నడుస్తున్నా అవి వదల్లేదు. మంటలో వాటా ఎంతో తెలీకుండా పూర్తి పేరు ఒకరికే ఇస్తే మోసం. "ఈ ఫిజియోతో నాకు నయమైంది" అని ఎవరైనా రాస్తే, ఆ టైములో ఇంకేం వాడారో అడగండి.

ఆ అమ్మాయిలో నాకు నమ్మకం కుదిరింది ఒకరిని తిప్పి పంపినప్పుడు. పక్క బల్ల మీదికి పీలేరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, ఒక పాదం మాత్రమే ఎర్రగా, వేడిగా, వాచి ఉంది, నొప్పి పెద్దగా లేదంటున్నాడు. కాలు ముట్టుకుని చూసి, వ్యాయామం కాదు కదా, "ఈ కాలు మీద బరువు కూడా పెట్టొద్దు తాతా" అని ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపించేసింది. షుగర్ కాళ్ళలో ఎముకలు లోపల్లోపల విరిగి కుంగే జబ్బు ఒకటుందట, షార్కో పాదం అంటారు, అది అలాగే మొదలవుతుందట. పుండు ఉన్నా, ఒక కాలే ఉన్నట్టుండి బలహీనపడినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా కూడా ముందు డాక్టరే. 400 వదులుకుని తిప్పి పంపే మనిషి దగ్గర నా కాలు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

బాగాలేనివి కూడా చెప్పాలి కదా. మేడ మీద, లిఫ్ట్ లేదు, మెట్లకి ఒక వైపే పట్టుకునే కమ్మీ. కాళ్ళు పట్టు లేనివాళ్ళే వచ్చే చోటు అది. పార్కింగు లేదు, పండగ రోజుల్లో ఆ రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. ఆరున్నరకి రమ్మని ఏడుంపావుకి పిలిచిన రోజులు మూడున్నాయి. ఒకరోజు నేను మాత్ర వేసుకుని టిఫిన్ తినకుండా పోయా, వెయిటింగులోనే చెమటలు పట్టి చేతులు వణికాయి, గ్లూకోజు ఇచ్చి కూర్చోబెట్టారు. తప్పు నాదే, కానీ 'తిని రండి' అని ముందురోజు ఒక మెసేజు పెట్టొచ్చు.

అన్నిటికంటే నాకు మండింది ఒక బోర్డు. తలుపు బయట: 'చెప్పులు ఇక్కడే విడవండి.' మేడ మీద వరండా, పడమటి ఎండ, సిమెంటు గచ్చు. ఒకవైపు లోపల కూర్చోబెట్టి, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవొద్దు, బూట్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోండి, నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో కాలితో కాదు మోచేత్తో చూడండి, రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి అని చెబుతారు. అవన్నీ వినడానికి ఆ కాలే గచ్చు మీద ఎనిమిది అడుగులు ఉత్తగా నడిచి రావాలి. మూడో సిట్టింగులో ఈ మాట అనేశా. ఆ అమ్మాయి ఒక క్షణం ఏమీ అనలేదు, తర్వాత బోర్డు పెట్టింది ఓనరండీ అని నసిగింది.

అలిపిరి గురించి కూడా అడిగా. ప్రతి ఏడాదీ కార్తీకంలో మెట్లెక్కి పోవడం మా ఇంటి మొక్కు, 3,550 మెట్లు, ఉత్త కాళ్ళతో. 12 సిట్టింగులు అయ్యాయి కదా, ఇప్పుడు ఎక్కొచ్చా అంటే, ఎక్కే దమ్ము మీకుంది, కానీ రాయి గుచ్చుకున్నా బండ కాలినా మీ కాలు మీకు చెప్పదు, నరం జరిపితే అది మారలేదు అని నైలాన్ పోగు తీసి చూపించింది. డాక్టరు కూడా అదే అన్నారు. ఈసారి పిల్లలు మెట్లెక్కారు, నేను బస్సులో పోయి పైన వాళ్ళ కోసం కూర్చున్నా. స్వామికి తెలియందా.

ఎవరికి పనికొస్తుందని అడిగితే: మంట, తిమ్మిరితో పాటు కాలు చాపితే తీగ లాగినట్టు ఉండేవాళ్ళు, చీలమండ బిగుసుకుపోయినవాళ్ళు డాక్టరుకి చూపించుకుని, షుగరు, బీ12 తేల్చుకుని, ఒక ఆరు సిట్టింగులు చూడొచ్చు. ఆరింటికీ ఏ మార్పూ లేకపోతే ఆపేయమని ఆ అమ్మాయే అంది. ఉత్త మొద్దుబారడమే ఉండి, నొప్పి, మంట, పట్టు ఏవీ లేనివాళ్ళకి దీంతో ఒరిగేది తక్కువ, ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోండి. ప్రైవేటు ఖర్చు వద్దనుకుంటే ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రికి ఫిజియోథెరపీ కాలేజీ కూడా ఉంది, అక్కడ అడగండి. ఐదుకి నేను మూడున్నర చుక్కలు ఇస్తా, ఒకటి తగ్గించింది మెట్లకీ ఆలస్యానికీ, అర తగ్గించింది బోర్డుకి.

బోర్డు సంగతి అయిపోలేదు. మొన్న నెల తర్వాత చూపించుకోవడానికి పోతే బోర్డు లేదు. తలుపు పక్కన గోనెపట్టా పరిచి, దాని మీద కొత్త రబ్బరు చెప్పులు రెండు జతలు పెట్టారు, పైన కాగితం మీద పెన్నుతో 'షుగర్ పేషెంట్లు ఇవి వేసుకుని లోపలికి రండి' అని రాసుంది. సంతోషంగా కాలు పెట్టా. రెండు జతలూ ఆరో నంబరే. నాది తొమ్మిది.